నాన్నగారి ముక్కు గొట్టం ఎప్పుడు తీస్తారు? మింగడం మళ్ళీ వస్తుందా?

పాలేరు_పద్మ
మా నాన్నగారికి 66 ఏళ్ళు. దసరాకు ముందు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట దెబ్బతిన్నాయి. ఇప్పుడు కాలు కొంచెం కదుపుతున్నారు, ఒకటి రెండు మాటలు వస్తున్నాయి. ముక్కులోంచి వేసిన రైల్స్ ట్యూబు మాత్రం అలాగే ఉంది. డిశ్చార్జి చేసేటప్పుడు ట్యూబులో ఎంత పోయాలో, ఎన్ని గంటలకొకసారి పోయాలో రాసిచ్చారు. మింగడం రావడానికి ఇంట్లో ఏం చేయాలని అడిగితే ‘నెల తర్వాత తీసుకురండి, చూద్దాం’ అన్నారు. తీసుకెళ్ళాం. పాత ట్యూబు తీసి కొత్తది వేసి పంపించేశారు. ఆయన మింగగలుగుతున్నారా లేదా అని ఎవరూ చూడలేదు.

గ్లాసు కనిపిస్తే చాలు, కాఫీ కావాలని సైగ చేస్తారు. అమ్మ తట్టుకోలేక ‘ఒక్క చెంచా నాలుకకు తగిలిస్తే ఏమవుతుంది’ అంటుంది. చూడడానికి వచ్చిన చుట్టాలు బత్తాయి రసం పట్టుకొస్తారు, నేను వద్దంటే నొచ్చుకుంటారు. చెంచాతో మొదలుపెట్టవచ్చా? అసలు ఈ ట్యూబు ఎవరు చెబితే, ఏం చూసి తీస్తారు?

బందరు_బాబాయి
ఇవ్వండమ్మా. మా పెదనాన్నకు 1990ల్లో పక్షవాతం వస్తే ఈ ట్యూబులు వేయలేదు, ఏమీ లేదు. గోరువెచ్చని జావ చెంచాతో పోశాం. కోలుకుని మనవరాలి పెళ్ళి కూడా చూశారు. నోటికి అలవాటు తప్పితే ఇక రానే రాదు.

రాత్రిడ్యూటీ_నర్స్
బాబాయి గారూ, పక్షవాతం వచ్చినవారిలో సుమారు సగం మందికి మొదటి రోజుల్లో మింగడం దెబ్బతింటుంది, మిగతావారు తినగలుగుతారు. మీ పెదనాన్నగారు ఆ రెండో సగంలో ఉండి ఉంటారు. పద్మ గారి నాన్నగారు ఎటువైపు ఉన్నారో తెలియకుండా చెంచా పెట్టడం ప్రమాదం. పొలమారడం లేదు కదా అని ధైర్యం చేయవద్దు. గొంతు లోపల స్పర్శ తగ్గినవారికి నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి దిగినా ఒక్క దగ్గు రాదు.

తిరుపతి_లత
నర్స్ గారు చెప్పింది మా అత్తయ్య విషయంలో కళ్ళారా చూశాం. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆయా జాలిపడి పాలు పట్టింది. దగ్గలేదు, కళ్ళలో నీళ్ళు తిరగలేదు, హాయిగా తాగేశారట. రెండు రోజులకు జ్వరం, ఆయాసం, మళ్ళీ ఆసుపత్రి. న్యుమోనియా అన్నారు.

వాణి_స్పీచ్‌థెరపీ
పద్మ గారూ, ట్యూబు ఎప్పుడు తీయాలన్నది క్యాలెండరు చూసి చెప్పేది కాదు, మింగే పరీక్ష చేసి చెప్పేది. ఆ పరీక్ష స్పీచ్ థెరపిస్టులు చేస్తారు. మా దగ్గరికి మాట కోసమే రావాలని చాలామంది అనుకుంటారు, మింగడం కూడా మా పనే. మీ నాన్నగారికి మాట కూడా దెబ్బతింది కాబట్టి రెండింటికీ ఒకరే చాలు.

ముందు మంచం దగ్గరే చూస్తాం. మెలకువగా ఉన్నారా, కూర్చోబెడితే తల నిలుస్తోందా, తన ఉమ్ము తాను మింగుతున్నారా, కావాలనుకున్నప్పుడు గట్టిగా దగ్గగలరా, నాలుక ఎటు లాగుతోంది. ఇవి బాగుంటేనే చెంచా చేతికి తీసుకుంటాం. ఆస్ట్రియాలో తయారుచేసి 2007లో ప్రచురించిన గస్ అనే పరీక్ష చాలాచోట్ల వాడతారు. అందులో ముందు ఉమ్ము, తర్వాత జావ కన్నా చిక్కని పదార్థం, ఆ తర్వాతే నీళ్ళు, చివరగా గట్టి పదార్థం ఇచ్చి చూస్తారు. మన ఇళ్ళలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. ‘నీళ్ళే కదా’ అని నీళ్ళతో మొదలుపెడతారు. దెబ్బతిన్న గొంతుకు అన్నిటికన్నా కష్టమైనవి నీళ్ళే. నాలుక మీద పడగానే జారిపోతాయి, శ్వాసనాళం మూసుకునేంత సమయం ఇవ్వవు.

మంచం దగ్గర చూసినప్పుడు అనుమానం మిగిలితే లోపలికి చూసే పరీక్షలు రెండున్నాయి. ఫీస్ అంటే ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టం పంపి, రంగు కలిపిన పదార్థం మింగిస్తూ గొంతును చూడడం. రెండోది వీడియోఫ్లోరోస్కోపీ. బేరియం కలిపిన పదార్థం మింగుతుంటే ఎక్స్‌రే వీడియో తీస్తారు. దగ్గు రాకుండా లోపలికి దిగేది ఈ రెండింటిలోనే బయటపడుతుంది.

పాలేరు_పద్మ
గొంతులో పుల్ల పెట్టి చూశారు వాణి గారూ. వాంతి వచ్చినట్టు కాలేదు, కాబట్టి మింగలేరు అన్నారు.

వాణి_స్పీచ్‌థెరపీ
అది మింగే పరీక్ష కాదు. పుల్ల పెడితే డోకు రానివారు ఆరోగ్యవంతుల్లోనూ చాలామంది ఉన్నారు, అందరూ భోజనం చేస్తూనే ఉన్నారు. డోకు వచ్చినంత మాత్రాన మింగగలరనీ కాదు. ఆ ఒక్క మాట పట్టుకుని మీ నాన్నగారిని నెలల తరబడి ట్యూబు మీద ఉంచేయడం అన్యాయం.

లెక్కలమాస్టారు_రిటైర్డ్
నేను రోగిగా చెబుతున్నాను. నాకు పక్షవాతం వల్ల మెదడు కింది భాగంలో, మెడుల్లా పక్కభాగం దెబ్బతింది. చేతులు, కాళ్ళు బాగానే ఉన్నాయి. ఆసుపత్రిలో నన్ను చూసినవారు ఈయనకు ఏమీ కాలేదనుకునేవారు. కానీ ఉమ్ము కూడా దిగేది కాదు. ఒళ్ళో స్టీలు గ్లాసు పెట్టుకుని పగలంతా అందులో ఉమ్మేవాణ్ణి. రాత్రి పక్కకు తిరిగి, చెంప కింద తువ్వాలు పెట్టుకుని పడుకునేవాణ్ణి.

మింగడం పోవడం ఎలా ఉంటుందో బయటివారికి అర్థం కాదు. గుటక వేయమంటే నాలుక కదులుతుంది, గొంతుముడి కాస్త లేస్తుంది, అక్కడే ఆగిపోతుంది. కింద తలుపు తెరుచుకోదు. అన్నవాహిక మొదట్లో బిగుతుగా ఒక కండరం ఉంటుందట, గొంతుముడి పైకి ముందుకు లేస్తేనే అది తెరుచుకుంటుందట. నాకు ఎడమవైపు గొంతు బలహీనం కాబట్టి, తల ఎడమకు తిప్పి మింగమన్నారు. బలహీనమైన వైపుకే ఎందుకు అని వాదించాను. అటు తిప్పితే ఆ వైపు దారి మూసుకుపోయి, పదార్థం బాగున్న వైపు నుంచి దిగుతుందని చెప్పారు. నిజంగానే దిగింది. మొదట దిగినది ఉండలు లేకుండా గిలకొట్టిన గట్టి పెరుగు, అర చెంచా.

రెండో వ్యాయామం, గుటక వేసి గొంతుముడి పైకి లేచినప్పుడు దాన్ని కిందికి దిగనివ్వకుండా రెండు క్షణాలు పట్టి ఉంచడం. వేలు ఆనించి చూసుకుంటూ చేసేవాణ్ణి. చెప్పడానికి తేలిక, మొదట్లో చెమటలు పట్టేవి. నెలలు పట్టింది. ఇప్పుడు అన్నీ తింటాను, మాట్లాడుతూ మాత్రం తినను. మా ఇంట్లో భోజనాల వేళ నన్ను ఎవరూ లెక్కలు అడగరాదని మనవడు బోర్డు రాసి పెట్టాడు.

బందరు_బాబాయి
మాస్టారూ, మీ పోస్టు మా ఆవిడకు చదివి వినిపించాను. చెంచా పెట్టమన్న నా సలహాను పక్కన పెట్టండి పద్మమ్మా, ముందు పరీక్ష చేయించండి. కానీ నా రెండో మాట మీద నిలబడతాను. పరీక్ష పేరుతో ఏమీ చేయకుండా కూర్చుంటే నోరు మొద్దుబారిపోదా?

వాణి_స్పీచ్‌థెరపీ
బాబాయి గారి రెండో మాట అక్షరాలా నిజం. మింగే కండరాలు వాడకపోతే ఇంకా బలహీనపడతాయి. మింగడం వల్లనే మింగడం వస్తుంది. తిండి లేకుండా కూడా మింగించవచ్చు, ఉమ్మును మింగించడమే మొదటి వ్యాయామం. ట్యూబు ఉండగానే ఇవన్నీ చేయవచ్చు, ట్యూబు తీసేదాకా ఆగనక్కర్లేదు.

మాంచెస్టర్_మధు
నేను ఇక్కడ ఆసుపత్రిలో స్ట్రోక్ (పక్షవాతం) వార్డులో పనిచేస్తాను. ఇక్కడి విశ్వవిద్యాలయంలో షాహీన్ హమ్దీ బృందం 1990ల్లోనే ఒక మంచి విషయం తేల్చింది. గొంతును నడిపే ప్రాంతం మెదడులో రెండు వైపులా ఉంటుంది, కానీ చాలామందిలో ఒకవైపుది పెద్దది. ఆ పెద్దవైపు దెబ్బతింటే మింగడం పోయే అవకాశం ఎక్కువ. తిరిగి మింగగలిగినవారి మెదడును కొన్ని నెలల తర్వాత పరీక్షిస్తే, దెబ్బతగలని వైపు ఉన్న గొంతు ప్రాంతం పెరిగి కనిపించింది. అంటే పోయిన వైపు బాగుపడలేదు, ఉన్న వైపు పని నేర్చుకుంది. అందుకే రోజూ చేసే సాధనకు విలువ.

వరంగల్_రఘు
మా తమ్ముడికి 43 ఏళ్ళు, పక్షవాతమే. ఊపిరి కోసం గొంతుకు రంధ్రం చేసి ట్రాకియాస్టమీ గొట్టం కూడా పెట్టారు, ముక్కులో రైల్స్ ట్యూబు. ఇప్పుడు పొట్టకు రంధ్రం చేసి నేరుగా ఆహారం పంపే పెగ్ గొట్టం వేయాలంటున్నారు. అమ్మ ఒప్పుకోవడం లేదు. పొట్టకు రంధ్రం పెట్టారంటే ఇక నోటితో తినడన్నట్టే కదా అని ఏడుస్తోంది. నాకూ అదే భయం.

లెక్కలమాస్టారు_రిటైర్డ్
రఘూ, నాకూ పెగ్ వేశారు. తీసేశారు కూడా. తీసిన చోటు తొందరగానే పూడుకుపోయింది, ఇప్పుడు చిన్న మచ్చ ఉంది. పెగ్ వేశాకే నాకు ముఖం మీద ప్లాస్టరు, గొంతులో రాపిడి లేకుండా హాయిగా వ్యాయామాలు చేయడం కుదిరింది.

రాత్రిడ్యూటీ_నర్స్
పెగ్ మీద రెండు వైపులా అతి ఉంది. వెంటనే వేయించేద్దామనేవారికి ఒక మాట. 2005లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఫుడ్ అనే పెద్ద అధ్యయనంలో, పక్షవాతం వచ్చిన తొలిరోజుల్లోనే పెగ్ వేసినవారి కన్నా ముక్కు గొట్టంతో గడిపినవారి పరిస్థితే మెరుగ్గా కనిపించింది. అందుకే మొదటి రెండు మూడు వారాలు ముక్కు గొట్టమే వాడతారు. అస్సలు వద్దనేవారికి ఇంకో మాట. నెల దాటి ఇంకా చాలాకాలం ట్యూబు అవసరమని తేలితే పెగ్గే మేలు. ముక్కు గొట్టం ఊడుతుంది, రోగి లాగేసుకుంటారు, ముక్కు లోపల పుళ్ళు పడతాయి, ఊడిన ప్రతిసారీ మళ్ళీ వేసే బాధ. పెగ్ వేసిన రోగికి మింగే వ్యాయామాలు ఆపేయమని ఎవరూ చెప్పకూడదు. ఆపేస్తే మాత్రం మీ అమ్మగారి భయం నిజమవుతుంది.

శ్రీకాకుళం_సూర్యం
అందరికీ తిరిగి రాదు, అది కూడా ఎవరో ఒకరు చెప్పాలి. మా అమ్మకు రెండుసార్లు వచ్చింది, రెండు వైపులా దెబ్బతింది. మంచి థెరపిస్టు దగ్గర చాలాకాలం చేయించాం. ఇప్పటికీ పెగ్ ద్వారానే ఇస్తున్నాం. కానీ థెరపిస్టు చూపించిన ప్రకారం నోరు శుభ్రం చేశాక, దూది పుల్లను ఆవకాయ ఊటలో ముంచి, దులిపి, నాలుక అంచుకు రాస్తాం. కళ్ళు మూసుకుని చప్పరిస్తుంది. నోటితో భోజనం రాలేదు గాని రుచి పోనివ్వలేదు. రానివారి విషయంలో ఇంటివారిని తప్పుపట్టవద్దని మనవి.

వాణి_స్పీచ్‌థెరపీ
సూర్యం గారూ, మీరు చేస్తున్నది కూడా చికిత్సే. పులుపుకు గుటకను త్వరగా మొదలుపెట్టించే గుణం ఉందని చాలాకాలంగా తెలుసు. కొందరికి చల్లదనం కూడా పనిచేస్తుంది. మేము మంచులో ఉంచిన చిన్న అద్దం వెనుక భాగంతో కొండనాలుకకు రెండు పక్కలా ఉండే గొంతు ముందరి కమానులను తాకి వెంటనే మింగమంటాం. అయితే పుల్లకు చుక్కలు కారేంత ఊట ఉండకూడదు, మీరు దులుపుతున్నారు కాబట్టి సరిపోయింది.

రాత్రిడ్యూటీ_నర్స్
నోరు శుభ్రం అన్నారు సూర్యం గారు. అందరూ దాటేసే విషయం అది. ట్యూబు ఉంది, నోటితో తినడం లేదు, ఇంక పళ్ళు తోమడం ఎందుకు అనుకుంటారు. తినని నోరే ఎక్కువ మురికవుతుంది. నోరు తెరిచి పడుకునే రోగుల అంగిలికి కఫం ఎండి, తేనె రంగు పొరలా అతుక్కుంటుంది. టార్చి వేసి చూడండి, చాలామందికి ఉంటుంది. తడి గాజుగుడ్డ వేలికి చుట్టి కొంచెంసేపు నానబెట్టినట్టు ఆనించి, మెల్లగా వెనుక నుంచి ముందుకు తీయాలి. బలంగా పీకితే రక్తం వస్తుంది. మెత్తని బ్రష్షుతో పొద్దున, రాత్రి పళ్ళు, నాలుక తోమాలి, నీళ్ళు నోట్లో నిలవనివ్వకుండా తుడిచేయాలి. మింగలేనివారి ఊపిరితిత్తుల్లోకి ఉమ్ము ఎలాగూ కొంత దిగుతూనే ఉంటుంది. న్యుమోనియా వస్తుందా లేదా అన్నది చాలావరకు ఆ ఉమ్ములో ఎన్ని క్రిములున్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. జపాన్ వృద్ధాశ్రమాల్లో చేసిన అధ్యయనం 2002లో వచ్చింది, నోటి శుభ్రత పాటించినవారిలో న్యుమోనియా తగ్గింది. ఖర్చు లేని మందు ఇది.

ట్యూబులో పోసేటప్పుడు తల వైపు కనీసం 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తుగా ఉంచాలి, పోశాక అరగంట నుంచి గంటదాకా పడుకోబెట్టకూడదు. ముక్కు దగ్గర ట్యూబు మీద ఉన్న గుర్తు ప్రతిసారీ చూడాలి, జరిగి ఉంటే ఏమీ పోయవద్దు.

తిరుపతి_లత
చెంప గురించి కూడా చెప్పండి. మా అత్తయ్యకు తినడం మొదలుపెట్టాక, బలహీనమైన వైపు చెంపలో ఇడ్లీ ముక్క గంటల తరబడి ఉండిపోయేది. ఆమెకు తెలిసేదే కాదు.

రాత్రిడ్యూటీ_నర్స్
అవును, తిన్న ప్రతిసారీ వేలితో ఆ చెంప చూడాలి. పడుకున్నాక అది జారితే ప్రమాదం.

బందరు_బాబాయి
ఒక వీడియోలో చూశాను, వెల్లకిలా పడుకుని భుజాలు లేపకుండా తల మాత్రమే ఎత్తి కాలి వేళ్ళు చూడాలట. నేను చేసి చూశాను, ఆరోగ్యంగా ఉన్న నాకే మెడ నొప్పి పుట్టింది. రోగులతో ఇది చేయించవచ్చా?

వాణి_స్పీచ్‌థెరపీ
అది షేకర్ వ్యాయామం, దాన్ని రూపొందించిన డాక్టరు పేరుతోనే పిలుస్తారు. నిమిషం పాటు తల ఎత్తి ఉంచి, నిమిషం విశ్రాంతి, ఇలా మూడుసార్లు. తర్వాత ఆపకుండా 30 సార్లు ఎత్తి దించడం. రోజుకు మూడు పూటలు, ఆరు వారాలు. గొంతుముడిని పైకి లాగే కండరాలకు బలం వస్తుంది. మెడ అరుగుదల ఉన్నవారికి, ట్రాకియాస్టమీ ఉన్నవారికి తగదు, రఘు గారూ గమనించండి. వయసు పైబడినవారికి దీని బదులు గడ్డం కింద మెత్తని రబ్బరు బంతి పెట్టి, కూర్చునే, గడ్డంతో దాన్ని నొక్కమంటాం. దాదాపు అవే కండరాలు పనిచేస్తాయి.

‘గడ్డం ఛాతీకి ఆనించి మింగండి’ అనే సలహా వాట్సాప్‌లో అందరికీ మందులా తిరుగుతోంది. గుటక ఆలస్యంగా మొదలయ్యేవారిలో కొందరికి అది మేలు చేస్తుంది. పెదవులు సరిగా మూసుకోనివారికి నోట్లోంచి కారిపోతుంది. మాస్టారికి పనిచేసింది తల పక్కకు తిప్పడం. శ్వాస బిగబట్టి మింగే పద్ధతి ఒకటుంది, గుండె జబ్బు ఉన్నవారు అడగకుండా చేయనే కూడదు. ఏ గొంతుకు ఏది అన్నది పరీక్షలో చూసి చెప్పేదే, అందుకే పరీక్ష పరీక్ష అని ప్రాణం తీస్తున్నాను.

వరంగల్_రఘు
మెడకు కరెంటు పెట్టే యంత్రం ఒకటి అద్దెకిస్తామన్నారు, ఇంటికొచ్చి పెడతారట. తీసుకోమంటారా?

మాంచెస్టర్_మధు
అందులో రెండు రకాలున్నాయి, కలిపేయకండి. మీకు చెప్పింది మెడ చర్మం మీద అతికించేది. వ్యాయామంతో పాటు వాడితే కొంత లాభమని కొన్ని అధ్యయనాలు చెప్పాయి, పెద్దగా ఏమీ లేదని కొన్ని. వ్యాయామం చేయించకుండా యంత్రం ఒక్కటే పెట్టి వెళ్తామంటే డబ్బు ఇవ్వకండి.

రెండోది ముక్కులోంచి గొంతులోకి దించిన గొట్టం ద్వారా లోపలే స్వల్పంగా విద్యుత్ ఇవ్వడం. మీ తమ్ముడిలా ట్రాకియాస్టమీ ఉన్న పక్షవాత రోగుల మీద జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీల్లో దీన్ని పరీక్షించారు, 2018లో ఫలితాలు వచ్చాయి. ఆ చికిత్స పొందిన 35 మందిలో 17 మందికి గొంతు గొట్టం తీసేందుకు వీలైంది, ఉత్తుత్తి చికిత్స పొందిన 34 మందిలో ముగ్గురికే. ఇంటికి అద్దెకొచ్చేది ఇది కాదు.

వరంగల్_రఘు
అర్థమైంది. అద్దె యంత్రం వద్దని చెప్పేస్తాను.

తిరుపతి_లత
వంటింటి సంగతి నేను చెబుతాను. మెత్తగా అంటే చారన్నం అనుకుంటాం. మా అత్తయ్యకు థెరపిస్టు మొదట వద్దన్నదే చారన్నం. చారు ముందు జారిపోతుంది, మెతుకులు నోట్లో మిగులుతాయి, నోరు రెండు పనులు ఒకేసారి చేయలేదట. పాలలో నానిన బ్రెడ్డు, నీళ్ళు ఊరే పుచ్చకాయ కూడా అంతే. ఉప్మా, అటుకులు పొడిపొడిగా విడిపోతాయి కాబట్టి వద్దు. మాకు పనికొచ్చినవి మిక్సీలో తిప్పిన గట్టి పెరుగన్నం, మెత్తగా ఉడికించి రుబ్బిన పెసరపప్పు కిచిడి, గుమ్మడికాయ గుజ్జు, ఉండలు లేని రాగి సంకటి కొంచెం నెయ్యితో.

పాలేరు_పద్మ
చిక్కదనం ఎంతుండాలో ఇంట్లో ఎలా కొలుస్తారు లత గారూ?

మాంచెస్టర్_మధు
దానికి అంతర్జాతీయ కొలత ఒకటి ఉంది, ఇడ్సీ అంటారు. 0 నుంచి 7 దాకా మెట్లు. 0 అంటే నీళ్ళు, 4 అంటే గుజ్జు, 7 మామూలు భోజనం. పలచని వాటిని కొలవడానికి 10 మిల్లీలీటర్ల సిరంజి చాలు. పిస్టన్ తీసేసి, కింద వేలు అడ్డుపెట్టి, 10 గీత దాకా నింపి, వేలు తీసి పది సెకన్లకు మళ్ళీ మూయాలి. 1 మిల్లీలీటరు కన్నా తక్కువ మిగిలితే నీళ్ళ కిందే లెక్క. 1 నుంచి 4 దాకా మిగిలితే మొదటి మెట్టు, 4 నుంచి 8 దాకా రెండు, 8 దాటి మిగిలితే మూడు. అసలు కారకపోతే నాలుగు, దాన్ని చెంచాతో చూడాలి. చెంచా వంచితే ముద్దగా ఒక్కసారి జారాలి, చెంచాకు బంకలా అంటుకోకూడదు. సిరంజిలో 0 గీత నుంచి 10 గీతకు 61.5 మిల్లీమీటర్లు ఉండాలి, స్కేలు పెట్టి చూసుకోండి, అన్ని కంపెనీలవి ఒకేలా ఉండవు.

తిరుపతి_లత
మొక్కజొన్న పిండి కలిపి చిక్కబరిచేవాళ్ళం. తినిపిస్తుండగానే గిన్నెలో పలచబడిపోయేది, ఎందుకో తెలిసేది కాదు.

మాంచెస్టర్_మధు
ఉమ్ములో ఉండే ఎంజైమ్ పిండిని విరగ్గొడుతుంది. ఎంగిలి చెంచా మళ్ళీ గిన్నెలో పెడితే గిన్నె మొత్తం పలచబడుతుంది. జాంతాన్ గమ్ అనే జిగురుతో చేసిన చిక్కబరిచే పొడులకు ఆ ఇబ్బంది లేదు. ఐస్‌క్రీమ్, జెల్లీ కూడా నోట్లో కరిగి నీళ్ళవుతాయి, చూడ్డానికి గట్టిగా ఉన్నాయని ఇవ్వకండి.

ఇక్కడ ఇంకో మాట. చిక్కబరిచిన నీళ్ళు తాగలేక రోగులు నీళ్ళే మానేస్తారు, ఒంట్లో నీరు తగ్గిపోతుంది. అమెరికాలోని కెంటకీలో ఫ్రేజియర్ అనే పునరావాస కేంద్రం వారు, నోరు బాగా శుభ్రం చేశాక, భోజనాల మధ్య మాత్రం, మామూలు నీళ్ళు తాగనిచ్చే పద్ధతి తెచ్చారు. శుభ్రమైన నీళ్ళు కొంచెం లోపలికి దిగినా తిండంత హాని చేయవన్నది వారి వాదన.

రాత్రిడ్యూటీ_నర్స్
మధు గారూ, ఆ పద్ధతి మన ఇళ్ళకు అలాగే దించవద్దు. అది లేచి కూర్చునే, నోరు శుభ్రంగా ఉన్న, కనిపెట్టుకుని ఉండే సిబ్బంది ఉన్న రోగులకు. మన దగ్గర ‘నీళ్ళు పరవాలేదట’ అన్న ఒక్క ముక్కే ఇంటింటికీ పాకుతుంది.

మాంచెస్టర్_మధు
ఒప్పుకుంటాను. అయినా థెరపిస్టును అడిగే హక్కు రోగికి ఉంది. అడగండి అనే అంటున్నాను, పట్టేయండి అనడం లేదు.

పాలేరు_పద్మ
మీరందరూ చెప్పాక సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మాట, వినికిడి లోపాలు చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉందని తెలుసుకుని వాకబు చేశాను. ఈలోగా మాకు దగ్గర్లోనే భారత పునరావాస మండలిలో నమోదైన థెరపిస్టు ఒకరు దొరికారు, ఇంటికే వచ్చారు. తర్వాత చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గర ఫీస్ కూడా చేయించాం. స్క్రీను మీద నేనూ చూశాను. గుజ్జు కొంచెం ఆలస్యమైనా శుభ్రంగా దిగింది. పచ్చరంగు నీళ్ళు మాత్రం స్వరపేటిక కిందికి దారగా వెళ్ళాయి, నాన్నగారు కనీసం గొంతు కూడా సవరించుకోలేదు. అమ్మ పక్కనే ఉండి చూసింది. ఆ తర్వాత ఇంట్లో వాదనలు లేవు.

రోజుకు రెండు పూటలు నాలుగో మెట్టు గుజ్జు, చిన్న చెంచాతో, నిటారుగా కూర్చోబెట్టి ఇవ్వమన్నారు. ప్రతి ముద్దకు రెండు గుటకలు. గొంతు బురబురలాడినా, జ్వరం వచ్చినా ఆపేయమన్నారు. ట్యూబు అలాగే ఉంచారు. కానీ ఒక ఇబ్బంది, ఆయనకు ఆకలే వేయడం లేదు. నాలుగు చెంచాలకే నోరు మూసేస్తారు.

వాణి_స్పీచ్‌థెరపీ
మంచి వార్త! ఆకలి కావాలంటే ట్యూబు వేళలు మార్చాలి. రెండు మూడు గంటలకొకసారి 200 మిల్లీలీటర్లు పొట్టలో పడుతుంటే ఎవరికి ఆకలి వేస్తుంది? డాక్టరును, వీలైతే డైటీషియన్‌ను అడిగి, నోటితో పెట్టే ముందు ట్యూబు ఫీడు ఆపండి. ముందు నోటితో, మిగిలిన లోటు తర్వాత ట్యూబుతో. నోటితో ఎంత తిన్నారో నోటుపుస్తకంలో రాయండి. కావాల్సిన ఆహారంలో చాలావరకు నోటితోనే, కొన్ని రోజులపాటు వరసగా, జ్వరం లేకుండా, బరువు తగ్గకుండా తీసుకుంటే అప్పుడు ట్యూబు తీసే మాట. నీళ్ళు, మందులు కూడా లెక్కలోకి వస్తాయి. అలసిపోయి ఉన్నప్పుడు, మగతగా ఉన్నప్పుడు పెట్టకండి. నిద్ర మాత్రలు, ఉద్రేకం తగ్గించే మందులు ఏవైనా ఇస్తున్నారా?

పాలేరు_పద్మ
రాత్రి గొడవ చేస్తున్నారని ఒక మాత్ర ఇచ్చారు. ఫిట్స్ రాకుండా ఫెనిటాయిన్ కూడా ఉంది, ట్యూబులోనే వేస్తున్నాం.

లెక్కలమాస్టారు_రిటైర్డ్
పద్మా, పెట్టేటప్పుడు టీవీ ఆపేయండి. ఆయన మింగే పని మీదే మనసు పెట్టాలి. నాకు అదే సగం వైద్యం.

వాణి_స్పీచ్‌థెరపీ
రాత్రి మాత్ర సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. కొన్ని మత్తు మందులు మింగడాన్ని ఇంకా నెమ్మది చేస్తాయి. మీరై మీరు ఆపవద్దు, మార్చవచ్చా అని అడగండి.

రాత్రిడ్యూటీ_నర్స్
ఫెనిటాయిన్ విషయంలో జాగ్రత్త. ట్యూబు ఫీడుతో కలిస్తే ఒంటికి సరిగా పట్టదు, మందు వేస్తున్నా ఫిట్స్ రావచ్చు. మందుకు ముందూ తర్వాతా ఫీడు ఎంతసేపు ఆపాలో డాక్టరును అడిగి రాయించుకోండి. ట్యూబు వేళలు ఎలాగూ మారుస్తున్నారు కాబట్టి అప్పుడే కలిపి అడిగేయండి. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రలను, పైన ప్రత్యేక పూత ఉన్న మాత్రలను పొడి చేయకూడదు. ఆయన మాత్రల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి, వీటిలో ఏవి పొడి చేయవచ్చో మందుల షాపు ఫార్మసిస్టును అడగండి, ద్రవరూపంలో దొరికేవి ఉంటే మార్పించుకోండి. మాత్రలన్నీ కలిపి ఒకేసారి వేయకండి, ఒక్కోటి విడిగా కరిగించి వేసి మధ్యమధ్య కొంచెం నీళ్ళు పోయండి. లేకపోతే ట్యూబు పూడుకుపోయి, ఆయనకు మళ్ళీ కొత్తది వేయాల్సి వస్తుంది.